బకెట్టా, బొకేనా: పెట్రీషియా రౌట్‌లెడ్జ్ గుక్క లెక్క

ఇంటిపేరు బకెట్. కాగితం మీద ఉండేది అదే, పెళ్లికి ముందు మొగుడు రిచర్డ్ పలికిందీ అదే. హయసింత్ ఆ ఇంట్లో కాలుపెట్టాక అది "బొకే" అయిపోయింది. పోస్ట్‌మాన్ బకెట్ అంటే దిద్దుతుంది, ఫోన్‌లో అవతలివాళ్లు బకెట్ అంటే దిద్దుతుంది. బీబీసీలో 1990 నుంచి 1995 దాకా వచ్చిన 'కీపింగ్ అప్ అప్పియరెన్సెస్' నిలబడింది ఈ ఒక్క ఉచ్చారణ మీదే అంటే తప్పులేదు. అయిదు సిరీస్‌లు, పండగ ప్రత్యేకాలతో కలిపి 44 భాగాలు. రచన రాయ్ క్లార్క్. ఉన్నదానికన్నా నాలుగు మెట్లు పైన కనపడాలని పొద్దున్న లేచింది మొదలు కష్టపడే ఆ ఇల్లాలి వేషం పెట్రీషియా రౌట్‌లెడ్జ్‌ది. 2025 అక్టోబరు 3న, 96 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూసింది.

విజయనగరంలో కూర్చుని ఆవిడ గురించి రాయడానికి కారణం ఉంది. మన పరిషత్తు నాటికల్లో హాస్యానికి ఆడపాత్ర అంటే రెండే అచ్చులు: గయ్యాళి, లేదంటే పనిమనిషి. రెండూ గొంతు పెంచడంతో మొదలై గొంతు పెంచడంతోనే తెరపడతాయి. ఆనంద గజపతి ఆడిటోరియంలో ఆడినా, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో ఆడినా ఇదే వరస. రౌట్‌లెడ్జ్ దారి వేరు. ఆవిడ నవ్వించింది గుక్కతో. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ బిగబట్టాలి, ఎక్కడ వదలాలి అన్న లెక్క ఆవిడకి పాట నేర్పింది. హరికథ విన్న ఊరికి ఇది కొత్త విషయమేమీ కాదు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు ఇది. అయినా మన హాస్యనటులు పాటగాళ్ల దగ్గర కూర్చోరు, పాటగాళ్లు హాస్యాన్ని చిన్నచూపు చూస్తారు.

ముందు ఆవిడ బతుకు సంగతి క్లుప్తంగా. 1929 ఫిబ్రవరి 17న బర్కెన్‌హెడ్‌లో పుట్టింది. మెర్సీ నదికి ఇటు బర్కెన్‌హెడ్, అటు లివర్‌పూల్. తండ్రిది మగవాళ్ల దుస్తుల దుకాణం. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, ఆ తర్వాత బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో శిక్షణ తీసుకుంది. 1952లో లివర్‌పూల్ ప్లేహౌస్‌లో 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' లో హిప్పోలిటాగా తొలి వేషం. రెండేళ్లకే లండన్ వెస్ట్ ఎండ్‌లో సంగీత నాటకం.

అమెరికాలో ఆవిడ చరిత్ర చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 1968లో 'డార్లింగ్ ఆఫ్ ద డే' అనే సంగీత నాటకం బ్రాడ్‌వేలో 31 ఆటలకే మూతపడింది. దానికే ఆవిడకి ఉత్తమ నటిగా టోనీ అవార్డు వచ్చింది, లెస్లీ అగమ్స్‌తో సమానంగా. 1976లో లియొనార్డ్ బెర్న్‌స్టైన్ సంగీతం కట్టిన '1600 పెన్సిల్వేనియా ఎవెన్యూ' మరీ ఘోరం, 7 ఆటలు. అందులో అమెరికా అధ్యక్షుల భార్యలందరూ ఆవిడే. ఒక పాటలోనైతే దిగిపోతున్న అధ్యక్షుడి భార్యా, వస్తున్న అధ్యక్షుడి భార్యా ఇద్దరూ తనే అయి, ఒకరి మీద ఒకరు కత్తులు దూసుకున్నట్టు పాడుతుంది. ఒకే గొంతులో రెండు మనుషులు, మధ్యలో అర గుక్క. పద్నాలుగేళ్ల తర్వాత హయసింత్ ఫోన్ దగ్గర చేసిన పనికి విత్తనం ఇక్కడే ఉందని నా లెక్క.

1982లో మైకేల్ ఫ్రేన్ ప్రహసనం 'నాయిజెస్ ఆఫ్' మొదటిసారి ఆడినప్పుడు డాటీ ఆట్లీ వేషం ఆవిడే కట్టింది. నాటకంలో నాటకం. సార్డిన్ చేపల పళ్లెం ఏ క్షణాన ఏ చేతిలో ఉందో తప్పితే మొత్తం కూలిపోయే కట్టుబడి. 1984లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ ఆడిన 'రిచర్డ్ III' లో రాణి మార్గరెట్, శాపనార్థాల పాత్ర. 1988లో 'కాండీడ్' లో ముసలావిడ వేషానికి ఒలీవియే అవార్డు.

టీవీలో ఆవిడని మలిచినవి ఏకపాత్రలు. అలన్ బెనెట్ 1982లో 'ఎ వుమన్ ఆఫ్ నో ఇంపార్టెన్స్' రాసిచ్చాడు. ఆఫీసు గుమాస్తా ఒకావిడ, తన గురించి తను గొప్పగా చెప్పుకుంటూ పోతుంటే, ఎదుటివాళ్లకి ఆవిడ అంటే విసుగనీ, ఆవిడ జబ్బు పెద్దదనీ మనకి తెలుస్తూ ఉంటుంది, ఆవిడకి తప్ప. 1988లో 'టాకింగ్ హెడ్స్' వరసలో 'ఎ లేడీ ఆఫ్ లెటర్స్': అందరి మీదా ఫిర్యాదు ఉత్తరాలు రాసే ఒంటరి ఆడది, ఆఖరికి జైలుకి పోయి అక్కడ హాయిగా ఉంటుంది. మధ్యలో 1985, 86లలో విక్టోరియా వుడ్ కార్యక్రమంలో కిట్టీ. కుర్చీలో కూర్చుని కెమెరాకేసి చూస్తూ లోకం మీద తీర్పులు చెప్పే పెళ్లికాని పెద్దావిడ. కుర్చీ, మనిషి, మాట, ఇంకేమీ లేదు. అక్కడ నవ్వు రావాలంటే మాట విరుపు తప్ప వేరే ఆధారం ఉండదు.

అంటే హయసింత్ దొరికేసరికి ఆవిడకి 61 ఏళ్లు. చేతిలో ముప్పై ఎనిమిదేళ్ల సరుకు.

ఇక హయసింత్. మన ఊరివాళ్లకి ఈ పాత్రని గిరీశంతో పోల్చాలని వెంటనే అనిపిస్తుంది. 1892లో ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడిన కన్యాశుల్కం రక్తంలో ఉంది కదా. గొప్పలు, అరువు ఇంగ్లిషు, పైపై మెరుగులు ఇద్దరికీ ఉన్నాయి. కానీ గిరీశానికి తను కోస్తున్న కోతలు కోతలని తెలుసు. స్వగతంలో మనకి చెప్తాడు కూడా, మనల్ని తన పక్షం చేసుకుంటాడు. హయసింత్‌కి స్వగతం లేదు. తను కోతలు కోస్తున్నానని ఆమె అనుకోదు. చేతితో పూలు వేసిన రాయల్ డౌల్టన్ పింగాణీ, కొవ్వొత్తుల వెలుగులో విందు, ధనవంతుడి భార్య అయిన చెల్లెలు వయొలెట్ ఇంటి ముందు మెర్సిడెస్: ఇవన్నీ ఆమెకి పూజాసామగ్రితో సమానం. గిరీశం వేషం కట్టి పేరు తెచ్చుకున్న నటుడు హయసింత్ తరహా పాత్ర రాసినా, నేర్పినా ముందు పడే గొయ్యి ఇదే. ప్రేక్షకుడికేసి ఒక్క కన్ను గీటితే చాలు, పాత్ర చచ్చిపోతుంది.

పేరు సంగతికి వద్దాం. బకెట్‌ని బొకే చెయ్యడం ఇంగ్లిషు చెవికి పని చేసే తమాషా, తెలుగులోకి మోసుకొస్తే పేలదు. మనకి మన తమాషా కావాలి. ఒక ఊహ చెప్తాను. ఇంటిపేరు "బాన". నీళ్ల బాన, వంటల బాన. ఆవిడ మాత్రం "బాణ" అంటుంది. "బాన కాదండీ, బాణ. సంస్కృత కవి. ఆ వంశం." ఎందుకు పని చేస్తుందంటే, ణకారం మన జిల్లాల్లో చదువుకి కొలబద్ద. రాణి అనాల్సింది రాని అని, గుణం అనాల్సింది గునం అని పెరిగిన నాలుక, మేడెక్కాక ణకారాన్ని బరువుగా మోస్తుంది. నటి ఆ బరువు చూపించాలి. నాలుక పైకి మడిచి ఒక క్షణం ఆపి వదలాలి, బాణ్ అని. రెండో అక్షరం మీద ఆగి అప్పుడు అకారం. నవ్వు ఆ ఆగడంలో ఉంది.

ఒకటి గుర్తుంచుకోవాలి: దాచుకున్నది జారాలి. హయసింత్ చెల్లెలు డైజీ, డైజీ మొగుడు ఆన్‌స్లో, మరో చెల్లెలు రోజ్ మాసిన వీధిలో ఉంటారు. ఆన్‌స్లో చిరుగుల బనీనుతో, చేతిలో బీరు డబ్బాతో, టీవీ సరిగా రాకపోతే గుద్దుతూ హాయిగా ఉంటాడు. సీరియల్ మొత్తంలో కడుపులో చల్ల కదలకుండా ఉన్నది వాళ్లే. మన దగ్గర ఆ చెల్లెలు శ్రీకాకుళం యాసలోనే మాట్లాడాలి, నిండుగా, సిగ్గుపడకుండా. సినిమాల్లో ఈ యాసని పనిమనిషికీ, వెర్రిబాగులవాడికీ కట్టబెట్టీ కట్టబెట్టీ యాస వినపడగానే నవ్వడం జనానికి అలవాటు చేశారు. ఇక్కడ చెల్లెలి యాస మీద నవ్వు రాకూడదు, అక్క దాన్ని దాచుకోవడం మీద రావాలి. కాబట్టి చెల్లెలి వేషానికి హాస్యనటిని పెట్టకండి. "ఏటప్పా, తినీసినావేటి?" అని మామూలుగా, ప్రేమగా అడగ్గలిగే అమ్మాయిని పెట్టండి.

గంట నాటికలో అక్క నోట దాచుకున్న యాస జారడం మూడుసార్లకి మించకూడదు. మొదటిది పది నిమిషాల లోపు, చిన్నది, ఎవరూ లేనప్పుడు. రెండోది చెల్లెలు వచ్చాక, కోపంలో. మూడోది నలుగురి ఎదుటా, నోటివెంట "బాన" అనే మాటే వచ్చేయాలి. ప్రతి సీనులోనూ జారిస్తే దాపరికం అన్నదే ఉండదు, మొదటి పావుగంటకే సరుకు ఖాళీ.

ఇప్పుడు ఫోన్. హయసింత్ కొడుకు షెరిడన్ 44 భాగాల్లో ఒక్కసారీ తెరమీదికి రాడు, గొంతు కూడా వినపడదు. అయినా వాడు ఎలాంటివాడో, ఎంత డబ్బు గుంజుతున్నాడో మనకి బాగా తెలుసు. అది రౌట్‌లెడ్జ్ వినడంలోంచి పుట్టిన పాత్ర. తెల్లటి ఫోన్ మోగుతుంది, ఎత్తుతుంది, "బొకే నివాసం, గృహిణిని మాట్లాడుతున్నాను" అన్న అర్థం వచ్చే ముక్క పాడినట్టు అంటుంది. ఒక్కోసారి అవతల చైనా భోజనం ఆర్డర్ చేసేవాడు ఉంటాడు, నంబర్లు దగ్గరదగ్గరగా ఉండటంవల్ల. గొంతు ఆ ఎత్తు నుంచి ఈ లోతుకి పడుతుంది.

దీన్ని మన స్టేజీ మీద చెయ్యాలంటే ముందు అవతలి మనిషి మాటలు పూర్తిగా రాసుకోవాలి. చాలా స్క్రిప్టుల్లో అక్కడ చుక్కలు మాత్రం ఉంటాయి. చుక్కలు చూసి నటించే అమ్మాయి అర సెకను ఆగి తర్వాతి మాట అందుకుంటుంది. అయిదు మాటల వాక్యం వినడానికే రెండు సెకన్లు పడుతుంది, అర్థమై మొహం మారడానికి ఇంకొక సెకను. రిహార్సల్ మొదటి వారం వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెరచాటున, ఒకరు కూర్చుని ఆ మాటలు పైకి చదవాలి. రెండో వారం పెదాలు మాత్రం కదపాలి. మూడో వారం తీసేయాలి. అప్పటికి ఆ అమ్మాయి చెవిలో అవతలి గొంతు స్థిరపడిపోతుంది.

స్క్రిప్టు రాసేవాళ్లు చేసే తప్పు ఇంకొకటి ఉంది. "ఏమిటీ? తహసీల్దారు గారి భార్య వస్తున్నారా? రేపు సాయంత్రమా? పదిమందితోనా?" అని అవతలివాళ్లు అన్నదల్లా ఇవతల మళ్లీ చెప్పించడం. ఒకసారైతే ఆశ్చర్యం, మూడుసార్లైతే టెలిగ్రాం. విషయం తెలియజెయ్యడానికి నటి చెయ్యి చాలు: "వస్తున్నారా" అని ఊరుకుని, కుర్చీ మీది తువ్వాలు లాగి దాచేస్తే ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని చివరి వరస వాడికి కూడా తెలిసిపోతుంది.

రెండు గొంతుల సంగతి. హార్మోనియం దగ్గర పెట్టుకుని కూర్చోండి. నటి మామూలు మాట ఏ స్వరం దగ్గర ఆడుతోందో చూసి దాన్ని షడ్జం అనుకోండి. ఫోన్ గొంతు పంచమం దగ్గరికి వెళ్లాలి. తారస్థాయికి తీసుకెళ్తే కీచుమంటుంది, మైకులో ఇంకా ఘోరం. ఉదాహరణకి ఇలా:

లోపలికి తిరిగి, షడ్జంలో, గబగబా: "ఒరే, ఆ గుంటడు మల్లీ గోడెక్కీసినాడు, దింపరా!"

ఒక గుక్క. రిసీవర్ చెవి దగ్గరికి.

పంచమంలో, తీరిగ్గా: "నమస్కారమండీ. బాణ వారి నివాసం. గృహిణిని మాట్లాడుతున్నాను."

ఆ మధ్య గుక్క వినపడాలి, కనపడాలి. భుజాలు కిందికి దిగాలి, మెడ పొడవు కావాలి. పైట సవరించుకోవడం వద్దు. ఫోన్‌లో ఎవరికీ కనపడదు కదా అని ప్రేక్షకుడు అనుకునే లోపు తమాషా పోతుంది. కావాలంటే రెండో ఫోన్‌కి చెయ్యండి. అప్పుడు అదే నవ్వవుతుంది, ఎవరూ చూడకపోయినా సవరించుకునే మనిషి అని అప్పటికి తెలుసు కాబట్టి.

రిసీవర్ ప్రేక్షకులకి అటువైపున్న చెవికి పెట్టాలి, మోచెయ్యి కిందికి ఉండాలి, లేకపోతే సగం మొహం చెయ్యే మింగేస్తుంది. సెల్‌ఫోన్ కాదు, పాత ల్యాండ్‌లైనే పెట్టండి. పాత సామాన్ల కొట్టులో చచ్చిన సెట్టు దొరుకుతుంది. సెల్‌ఫోన్ సంభాషణకి ముగింపు లేదు, వేలు నొక్కడం ఎవరికీ కనపడదు. రిసీవర్ పెట్టేస్తే టక్కుమంటుంది, అదే పూర్ణవిరామం. గంట శబ్దం వేసే కుర్రాడికి ఒక్కటే చెప్పాలి: మాట కోసం చూడొద్దు, చెయ్యి చూడు. చెయ్యి లేవగానే ఆపు. ఎత్తాక కూడా మోగిందా, ఆ సీనులో ఇక ఏం చేసినా జనం ఆ పొరపాటుకే నవ్వుతారు.

తర్వాత కప్పు. పక్కింటి ఎలిజబెత్ పాత్ర జోసఫీన్ ట్యూసన్‌ది. కాఫీకి పిలుస్తారు, వెళ్తుంది, చేతిలో కప్పూ సాసరూ గలగలలాడతాయి, ఒలుకుతుంది, పగులుతుంది. ప్రతిసారీ ఇదే, ప్రతిసారీ నవ్వు. ఒలకడం కాదు దాని కీలకం. హయసింత్ ఎంత మర్యాదగా జాగ్రత్త చెప్తే చెయ్యి అంత ఎక్కువ వణుకుతుంది. మెట్లు ఇలా కడతారు: కప్పు గొప్పతనం చెప్పడం, దాని ఖరీదు చెప్పకుండానే చెప్పడం, పరవాలేదు భయపడొద్దనడం, ఆ తర్వాత కప్పు పెదాల దాకా వెళ్లిన సరిగ్గా ఆ క్షణాన పేరు పెట్టి గట్టిగా పిలవడం. నాలుగో మెట్టు మొదట వస్తే వట్టి ప్రమాదమే అవుతుంది, హాస్యం కాదు.

సామాను: 150 మిల్లీలీటర్ల పింగాణీ కప్పు, దానికి కాస్త వదులుగా ఉండే సాసర్. బిగుతుగా కూర్చునే సాసర్ అయితే గలగల రాదు. మెలమైన్ వద్దు, తప్‌తప్ మంటుంది. స్టీలు గ్లాసూ డవరా ఇంకా బాగా మోగుతాయి గాని పగలవు, పగలనిదానికి భయం లేదు, భయం లేకపోతే ఈ సీనే లేదు. కప్పులో 50 మిల్లీలీటర్లు చాలు: నీళ్లలో కొద్దిగా డికాషన్. పాలు పొయ్యొద్దు, పట్టుచీర మీద పడితే మరక పోదు, స్టేజీ మీద పడితే తర్వాతి నాటిక వాళ్లు జారతారు. నిండా పోస్తే మొదటి వణుక్కే ఒలికిపోతుంది, దాచుకోడానికి ఏమీ మిగలదు.

వణుకు ఎలా? చెయ్యి ఊపితే ఊపినట్టే కనపడుతుంది. సాసర్‌ని బొటనవేలితో, చూపుడువేలితో మాత్రం గట్టిగా పట్టుకుని, మోచెయ్యి ఒంటికి దూరంగా లేపి, కదలకుండా ఉంచడానికి నిజంగా ప్రయత్నించమనండి. అర నిమిషంలో వణుకు దానంతటదే వస్తుంది. నటి చెయ్యాల్సింది ఆపే ప్రయత్నం, వణికే ప్రయత్నం కాదు. టీ బల్ల ముందు అంచు మైకుకి మూడడుగుల లోపు ఉంటేనే గలగల హాలంతా వినపడుతుంది. పైనుంచి వేలాడే మైకులు ఫ్యాను హోరునే పట్టుకుంటాయి.

పగలగొట్టేది మాత్రం స్టేజీ మీద వద్దు. మన నాటికల్లో ఇంటి సీను అంటే అందరూ చెప్పుల్లేకుండా ఉంటారు, పింగాణీ ముక్క కాలికి దిగితే నాటిక అక్కడితో సరి. ట్రే పట్టుకుని ఆవిడ వింగ్‌లోకి వెళ్లాలి. మిగిలినవాళ్లు ఊపిరి బిగబట్టాలి. మూడు లెక్కపెట్టాక లోపల ఇనప బకెట్‌లోకి పాత పెంకుముక్కలు జారవిడవాలి. అవును, బకెట్టే.

ఆ తర్వాత హయసింత్ పాత్ర అరవకూడదు. ఇది మన నటులకి అన్నిటికన్నా కష్టం. సూర్యకాంతం గారి ఎడమచేతి విసురు చూసి పెరిగాం, కప్పు పగిలితే ఆ చెయ్యి లేవాల్సిందే అనిపిస్తుంది. సూర్యకాంతం గారి కోపం బయటికి, ఈవిడది లోపలికి. ఒక గుక్క పట్టి, నవ్వుమొహంతో "పరవాలేదండీ" అని, "అండీ" మీద గొంతు కాస్త చీలితే చాలు.

మొగుడి వేషం గురించి ఒక్క ముక్క. క్లైవ్ స్విఫ్ట్ చేసిన రిచర్డ్‌కి డైలాగులు తక్కువ, నిట్టూర్పులు ఎక్కువ. పేపరు మడిచే తీరులో మొత్తం సంసారం ఉంటుంది. మన దగ్గర ఈ వేషం కట్టినవాడు ప్రేక్షకులకేసి తిరిగి "చూశారా నా ఖర్మ" అన్నట్టు మొహం పెడతాడు. నమ్మేవాడు ఒకడైనా స్టేజీ మీద లేకపోతే ఆవిడ గొప్పలు ఎవరికోసం? అతను భార్యని ప్రేమిస్తున్నాడు, అలిసిపోయాడు. ఈ రెండూ చాలు.

నవ్వుల లెక్క కూడా ఉంది. ఆ సీరియల్ స్టూడియో సీన్లు ప్రేక్షకుల ముందే తీసేవారు కాబట్టి రౌట్‌లెడ్జ్ ప్రతి నవ్వుకీ ఆగాల్సి వచ్చేది. కానీ ఆగినట్టు కనపడదు: చేతికి గ్లవ్ తొడుక్కుంటుంది, ముత్యాల దండ సర్దుకుంటుంది, దిండు తడుతుంది. నవ్వు పైకి వెళ్లి దిగడం మొదలుపెట్టినప్పుడు తర్వాతి మాట అందుకోవాలి. పూర్తిగా నిశ్శబ్దం అయ్యేదాకా ఆగితే మళ్లీ మొదటి నుంచి బండి లాగాలి, ముందే అందుకుంటే మాట మునిగిపోతుంది. పరిషత్తులో నాటికకి గంట సమయం ఉంటే రిహార్సల్‌లో 52 నిమిషాలకి రావాలి, మిగతా ఎనిమిది నవ్వులకి. గంటకి గంట సరిపెట్టుకుని వచ్చినవాళ్లు నవ్వులు బాగా పడిన రోజునే ముగింపు సీను పరుగెత్తిస్తారు. నవ్వు రాకపోతే ఆగొద్దు, ఏమీ జరగనట్టు సాగిపోవాలి. నవ్వు కోసం ఎదురుచూస్తున్న నటి మొహం కన్నా దీనమైనది ఇంకోటి ఉండదు.

వేషం: హయసింత్‌ది పూలగౌను, టోపీ, మోచేతికి సంచీ. మనకి, సాయంత్రం పేరంటం చీర పొద్దున్న పది గంటలకే. అంతే. మేకప్ మామూలుగా ఉండాలి. బుగ్గలకి ఎరుపు దట్టించి కనుబొమలు వంకర దిద్దితే తెర లేవగానే "నేను హాస్యపాత్రని" అని చాటింపు వేసినట్టు.

1995 క్రిస్మస్ భాగంతో సీరియల్ ఆగింది. ఆపింది ఆవిడే, జనం చాలనక ముందే. 1996 నుంచి 98 దాకా 'హెటీ వెయిన్‌థ్రాప్ ఇన్వెస్టిగేట్స్' లో పరిశోధకురాలైన పెద్దావిడగా చేసింది. 1999లో చిచెస్టర్‌లో ఆస్కార్ వైల్డ్ నాటకం 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' లో లేడీ బ్రాక్‌నెల్ వేషం. ఆ తర్వాత యుద్ధకాలంలో లండన్ నేషనల్ గ్యాలరీలో కచేరీలు నడిపిన పియానో విద్వాంసురాలు మైరా హెస్ మాటలతో ఒక కార్యక్రమం పట్టుకుని ఊరూరా తిరిగింది. 2017లో డేమ్ బిరుదు. పెళ్లి చేసుకోలేదు.

ఇక మిగిలింది పాట. పక్కింటి ఎమ్మెట్ ఊళ్లో సంగీత నాటకాలు చేయిస్తుంటాడు. అతని కంట పడితే చాలు, వేషం దొరుకుతుందని హయసింత్ పాడటం మొదలుపెడుతుంది, అతను పారిపోతాడు. ఆ అపశ్రుతి పాడుతున్న గొంతే 1992లో లండన్ నేషనల్ థియేటర్‌లో 'కరోసెల్' సంగీత నాటకంలో నెటీగా, ఇంగ్లండు జనం ఫుట్‌బాల్ మైదానాల్లో కూడా పాడుకునే 'యూ విల్ నెవర్ వాక్ ఎలోన్' పాడింది. ఒకే ఏడాది, రెండు రకాలుగా. తప్పు పాడటానికి ఒప్పు తెలిసిన గొంతు కావాలి. కాబట్టి ఈ వేషానికి పాట రాని అమ్మాయిని పెడితే పని సులువవుతుందనుకోవద్దు. పాట రాని మనిషి తప్పు ప్రతిసారీ ఒకచోట పడదు, రిహార్సల్‌కి ఒకలా, ఆటకి ఒకలా ఉంటుంది.

అందరికీ తెలిసిన మంగళహారతి ఒకటి తీసుకోండి. పదిహేను రోజులు శుద్ధంగా, శ్రుతిలో పాడించండి. ఆ తర్వాత చరణం మొత్తం శుద్ధంగా ఉంచి, ప్రతి వరస చివరి స్వరం మాత్రం రవ్వంత పైకి లాగించి, అక్కడ గమకం అవసరానికి రెండింతలు ఊపించండి. తాళం తప్పకూడదు, తాళం కూడా పోతే నటికే పాట రాదనుకుంటారు. హార్మోనియం శ్రుతి కదలకుండా ఉండాలి, ఆ రెండూ రాపాడాలి. మాటలు స్పష్టంగా, ణకారాలు నిండుగా, మొహంలో భక్తి.

ఎమ్మెట్ వేషధారి పాట మొదలయ్యాక పారిపోతే ఆలస్యమైనట్టే. ఆవిడ గుక్క తీసుకోవడం చూసినప్పుడే అతని కాలు గుమ్మం వైపు తిరగాలి.